సముద్రానికి చుట్టుదారి

నా చిన్నప్పుడు నేను ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ ఊరంతా తిరిగాను, కెనడాలో, సస్కటూన్‌లోని మా ఇంటి గడప దాటకుండానే. నేనొక్కదాన్నే కాదు, మా అమ్మమ్మ కూడా.

అప్పట్లో మనవాళ్ళ పిల్లలు చదువుల కోసం ఆస్ట్రేలియాకీ కెనడాకీ గుంపులు గుంపులుగా బయల్దేరుతున్నారు. మా పిన్ని కూడా అలాగే గోల్డ్ కోస్ట్ చేరింది. అమ్మమ్మేమో మాతో ఉండడానికి అనంతపురం నుంచి వచ్చింది. ఆ చలికాలంలోనే ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ వాకర్ పట్టుకుని నడవకపోతే కాలు బిగుసుకుపోతుందని డాక్టర్ గట్టిగా చెప్పారు. అమ్మమ్మ వింటేనా! నొప్పి అనేది, భయం అనేది, చివరికి, "ఈ హాల్లో యాడికని నడిచేది? కిటికీ కాడ మంచు, వంటింటి కాడ మీ యమ్మ" అని సోఫాలో కూలబడేది. అమ్మ బతిమాలింది, కోప్పడింది, ఒకరోజు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది కూడా. అది చూసి నాకు భయం వేసింది. అమ్మమ్మ ఇక లేవదేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం పిన్ని వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే మర్నాటి పొద్దున. ఫోన్ నిండా ఎండ. అమ్మ చెప్పిందంతా విని, ఫోన్‌ని వాకర్‌కి కట్టమని నాకు చెప్పింది. నా స్కార్ఫ్‌తో బిగించి కట్టాను.

"అమ్మా, సముద్రం చూడాలంటివి కదా, పద పోదాం. నువ్వు నడిస్తే నేను నడుస్తా. నువ్వు ఆగితే నేనూ ఆగుతా."

అమ్మమ్మ తన జన్మలో సముద్రం చూడలేదు. మూలుగుతూనే లేచింది. నాలుగడుగులు వేసి కుర్చీలో కూర్చుంది. పిన్ని నిజంగానే ఆగిపోయింది. "అమ్మా, ఎండకి మాడిపోతున్నా! కొంచెం నడువు, ఆ చెట్టు నీడకైనా చేరతా!" ఎంతైనా కన్నతల్లి కదా, మళ్ళీ లేచింది.

ఇక రోజూ అదే పని. కిటికీ దగ్గర్నుంచి నా గది దాకా, మళ్ళీ వెనక్కి. మలుపు వస్తే ఎటు తిరగాలో చెప్పడం నా వంతు. మా ఇంటి ముందు మంచు పేరుకుపోయి ఉండేది, మేము మాత్రం ఎండలో ఊరు తిరిగేవాళ్ళం. మెడ నొప్పి పుట్టేంత ఎత్తు మేడలు, చెత్తడబ్బాల్లో తల దూర్చే పొడుగు ముక్కు కొంగలు, చంకలో అలల మీద తేలే పలకలు పెట్టుకుని ఉత్తకాళ్ళతో తిరిగే మనుషులు. "చెప్పుల్లేకుండా పోతుండారే, అందరూ మొక్కుకున్యారా?" అని అమ్మమ్మ అడిగితే, పిన్ని నవ్వుకి ఫోనంతా ఊగిపోయింది. పండ్ల కొట్టు వస్తే ఇంకా సంబరం. "ఆ మామిడిపండు తిప్పు, తొడిమ కాడ నల్లగుందేమో" అంటూ ఇక్కణ్ణుంచే బేరానికి దిగేది. సముద్రం మాత్రం రాలేదు. ఎప్పుడడిగినా దగ్గరికి వచ్చేశామనేది పిన్ని. అంతలో ఆవిడ క్లాసు టైమ్ అయ్యేది.

చలికాలం చివర్లో ఒకరోజు మలుపు తిరగ్గానే ఫోనంతా నీలం అయిపోయింది. అమ్మమ్మ వాకర్ పట్టుకునే ఫోన్ మీదికి వంగింది. పిన్ని చెప్పులు విప్పి, నీళ్ళ అంచున వంగి, ఫోన్‌ని ఇసక దగ్గరగా పట్టుకుంది. నురగతో పెద్ద అల మా మీదకే వచ్చేసింది.

"అయ్యో, చీర!" అంది అమ్మమ్మ. రెండు చేతులతో కుచ్చిళ్ళు పైకెత్తి గబుక్కున ఒక అడుగు వెనక్కి వేసింది.

వాకర్ వాకర్ చోటే ఉంది. వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అల వెనక్కి పోయింది. అప్పుడు చూసుకుంది అమ్మమ్మ, తన చేతుల్ని. చూసుకుని చిన్నపిల్లలా నవ్వింది.

ఆ సంబరంలో ఎవరమూ కాల్ కట్ చేయలేదు. పిన్ని మాట్లాడుతూనే రోడ్డు దాటింది, ఒక సందులోకి తిరిగింది, తాళం తీసింది. అదే ఆవిడ గది!

"ఇంత దగ్గర పెట్టుకోని నన్ను ఊరంతా తిప్పితివే, దొంగదానా!"

"ముందే చూపించుంటే ఒక్కరోజులో చూసేసి మళ్ళీ సోఫా ఎక్కేదానివి కాదూ!"

ఇప్పుడు నేను కెనడాలోనే, స్కార్‌బరోలో పెద్దవాళ్ళుండే హోమ్‌లో పనిచేస్తున్నాను. మంచం దిగనని మొండికేసేవాళ్ళు రోజూ ఉంటారు. నడవమని నేను ఎవరినీ అడగను, ఎటు వెళ్దామని అడుగుతాను. ఒకావిడ తన చిన్నప్పటి బడికి అంటారు, ఒకాయన తమ ఊరి చేపల బజారుకి అంటారు. చెయ్యి పట్టుకుని కారిడార్‌లో బయల్దేరతాం. ఇంకెంత దూరమని అడిగితే, వచ్చేశామండీ అంటాను. అని, చుట్టుదారిలో తీసుకెళ్తాను.