ట్వైలా హాగెన్ స్థానికురాలైన వైనం

ట్వైలా హాగెన్ అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో పుట్టింది. ముప్పై తొమ్మిదేళ్ళు అక్కడే బతికింది. ఆ సంగతి నమ్మనిది ఒక్క కాలేజీ ఆఫీసే.

మా బడి వంటశాలలో నేనూ ఆమే పదకొండేళ్ళు కలిసి పనిచేశాం. ఆమె ఇల్లు రాష్ట్రం సరిహద్దుకు ఇవతల. ఉత్తరాలు మాత్రం అవతలున్న నార్త్ డకోటా పోస్టాఫీసు నుంచి వచ్చేవి, అదే దగ్గర గనుక. కారు లైసెన్సు మీదా, బ్యాంకు కాగితాల మీదా ఆ ఊరి చిరునామాయే. మోంటానా ప్రభుత్వ కాలేజీలో నర్సు చదువుకు దరఖాస్తు పెట్టేదాకా అదొక నేరమని మాకెవరికీ తెలియదు. బయటి రాష్ట్రంవాళ్ళకు ఫీజు మూడింతలు.

సెలవు పెట్టి, నాలుగు గంటలు కారు నడుపుకుంటూ ఇద్దరం ఆ కాలేజీకి వెళ్ళాం. స్థానికత తేల్చే గుమాస్తా పేరు లైల్ క్రెంజ్. ఎదుటి మనిషిని తప్ప అన్నిటినీ పట్టిపట్టి చూసే రకం.

"మీరు డకోటా మనిషి కదమ్మా," అన్నాడు.

"ఉత్తరాలు డకోటావి సార్. నేను కాదు."

"మాకు కాగితమే లెక్క. ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నట్టు పన్నెండు నెలలు చూపించాలి."

"మా నాయనమ్మని ఇంటి వెనకే పూడ్చాం. ఆవిడ ముప్పై ఏళ్ళుగా చూపిస్తానే ఉంది. చాలదా?"

"ఆవిడ దరఖాస్తు పెట్టలేదుగా," అన్నాడు నవ్వకుండా.

బయట వరండాలో, ఎక్కడో తూర్పున ఉన్న కనెటికట్ రాష్ట్రం నుంచి చదువుకు వచ్చిన బ్రిన్ అనే పిల్ల కనబడింది. ఆమెకు అప్పుడే స్థానికురాలన్న ముద్ర పడింది.

"ఇంత కంగారు దేనికి ఆంటీ? మా నాన్న మంచుకొండ దగ్గర ఇల్లు కొన్నాడు. అందులో నేనో వారం ఉన్నానేమో. పోస్టాఫీసులో ఓ పెట్టె, కారుకి ఇక్కడి నంబరు, స్థానికులకిచ్చే చేపలు పట్టే లైసెన్సు. అయిపోయింది."

"నాకు చేపల వాసనే పడదు."

"లైసెన్సు తీసుకోమన్నాను గానీ, తినమన్నానా?"

ట్వైలా తీసుకుంది. యాభై మైళ్ళ దూరంలోని మోంటానా ఊళ్ళో ఓ ఉత్తరాల పెట్టె అద్దెకు పట్టి, ప్రతి శనివారం వెళ్ళి తాళం తీసేది. "మా ఊరికి నేనే వలసొస్తన్నానే," అనేది నాతో. నవ్వేది కాదు. ఏడాదంతా అలాగే తిరిగింది, చదువు అటక మీదే ఉంది.

మళ్ళీ వెళ్ళాం. క్రెంజ్ కాగితాలు తిప్పుతూ చేపల లైసెన్సు దగ్గర ఆగి, మొదటిసారి ఆమె మొహం చూశాడు.

"ఏ నదిలో పడతారు?"

"ఎల్లోస్టోన్‌లో," అని నిబ్బరంగా అబద్ధమాడింది. టకీమని ముద్ర వేశాడు.

"ఇక మీరు మోంటానా మనిషే."

"నిన్నటిదాకా ఎవర్ని సార్?"

"నిన్నటి సంగతి నా బల్ల మీద లేదమ్మా."

బ్రిన్ చదువు ముగించి పట్టా పుచ్చుకున్న వారానికే, ఇల్లమ్మించి కనెటికట్ వెళ్ళిపోయిందని విన్నాం. క్రెంజ్‌కు ఉద్యోగంలో పైమెట్టు దొరికింది. ట్వైలా నలభై మూడో ఏట నర్సయింది. మా ఊరి ఆసుపత్రిలో పని. జ్వరంతో వచ్చినవాళ్ళు ఫారంలో చిరునామా గడి ఖాళీగా వదిలేసినా, ఆమె ముందు నాడి చూస్తుంది.