గొంతెత్తి అరిచే పాట

పోయినేడాది బెంగళూరులో జరిగే హెవీ మెటల్ పాటల పండగ కోసం నెలల తరబడి ఎదురుచూశాను. తీరా వారం ఉందనగా, తోడొస్తానన్న స్నేహితురాలు రానంది. ఒక్కదాన్నే వెళ్లే ధైర్యం లేక, మానుకుందామనుకుంటూ యూనివర్సిటీలో తార్నాక వెళ్లే బస్సెక్కాను.

పక్క సీట్లో యాభై దాటిన ఒకావిడ కూర్చుంది. నా ఇయర్‌ఫోన్లలోంచి హోరు బయటికి వినిపించినట్టుంది.

"ఏంది బిడ్డా, గంత లొల్లి?"

నవ్వి, ఒక ఇయర్‌ఫోన్ ఆవిడకిచ్చాను. వెంటనే తీసేస్తుందనుకున్నాను. కళ్లు మూసుకుని పాటంతా విన్నది.

"గొంతు పోయేటట్టు ఒర్రుతున్నడు గదా! వినెటోళ్లు గూడ గిట్లనే ఒర్రుతరా?"

"ఒర్రుతారు ఆంటీ. బెంగళూరులో ఇలాంటి పాటల పండగుంది. వేలమంది వస్తారు. ఒక్కదాన్నే పోవాలంటే భయమైతుంది."

"ఆడ ఒర్రితే ఎవ్వరేమనరా?"

"ఎవరూ ఏమనరు."

ఆవిడ ఇయర్‌ఫోన్ తీసి చేతిలో పట్టుకుంది.

"మా ఆయన పోయిన దినం నాకు గట్లనే ఒర్రాలనిపించింది. పిల్లలు భయపడ్తరని నోట్ల కొంగు కుక్కుకున్న."

ఇంతలో తార్నాక వచ్చింది. ఇయర్‌ఫోన్ జాగ్రత్తగా నా చేతిలో పెట్టి లేచింది.

"పోయి రా బిడ్డా. మంచిగ ఒర్రి రా."

ఆ సాయంత్రమే హాస్టల్లో బ్యాగు సర్దుకున్నాను. పండగకింకా వారం ఉంది.