ముందు ఆకుకూర, తర్వాతే మందు

1964లో నన్ను ఇందుకూరుపేట సమితికి వ్యవసాయ విస్తరణాధికారిగా వేశారు. రైతుకు పురుగుమందు కావాలంటే నేను చీటీ రాసివ్వాలి; అది చూపితేనే గోదాములో డబ్బా ఇచ్చేవారు. వరిలో కాండం తొలిచే పురుగుకు అప్పట్లో ఎండ్రిన్ కొట్టించేవాళ్లం. గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు, చేతులు కడగనిదే బీడీ ముట్టొద్దు అని చెప్పేవాణ్ని. జాగ్రత్తలన్నీ కొట్టేవాడికే. కలుపు తీసే ఆడవాళ్లు సాయంత్రం ఇంటికి పోతూ గట్టు మీది పొన్నగంటి కూర ఒడిలో కోసుకుపోతారన్న సంగతి మా శిక్షణలో ఎవరూ ఎత్తలేదు.

కలుపు ముఠాకు పెద్ద శేషమ్మ. ఒకనాడు ఆమె చిన్నకూతురు మందు పడిన ఆ కూర తిని, వాంతులై, ఫిట్స్ వచ్చి, ఎద్దుబండిలో నెల్లూరు ఆసుపత్రికి పోయింది. పిల్ల బతికింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఇంకో బిడ్డకు ఇలా జరగనిచ్చేది లేదనుకున్నాను.

మందు కొట్టిన చేలో ‘విషం’ అని రాసిన పలక పాతించాను. వాళ్లకు చదువొస్తే కదా! ఇంట్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కడతారు, బయటివాళ్లు లోపలికి పోరు. ఆ గుర్తయితే అందరికీ తెలుసని గట్టు మీద వేపమండలు కట్టించాను. మర్నాడు చూస్తే ముఠా అంతా ఆ గట్టు మీదే ఉంది, చెంబులతో పసుపునీళ్లు పోస్తూ!

“చేలోకి అమ్మోరు వొచ్చినాదంటే చల్లబరచొద్దా సామీ?” అంది శేషమ్మ.

తల పట్టుకున్నాను. అసలు ఆ కూర కోయడమే మానేయమని బతిమాలాను.

“మానేస్తే రేత్రికి బిడ్డలకేం పెట్టేది? మీరు తెచ్చిస్తారా?”

ఆమె అన్నది నిజమే. అప్పట్నుంచి చీటీ రాయడానికి ఒక షరతు పెట్టాను. ముందు ఆ చేని గట్లన్నీ ముఠా మొదలంటా కోసుకోవాలి, ఆ తర్వాతే డబ్బా మూత తీయాలి. బోడిగట్టు మీద మళ్లీ ఆకు ఎదిగేదాకా, అంటే వారాల తరబడి, అక్కడ ఎవరికీ పని ఉండదు.

రైతు రమణారెడ్డి విరుచుకుపడ్డాడు. “ఆకుకూర కోసేదాకా పురుగు ఆగతాదా ఏందయ్యా?” పైవాళ్లకు చెబుతానన్నాడు. చెప్పుకోండన్నాను. చీటీ లేకుండా డబ్బా రాదు గనక, గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ముఠా గట్లన్నీ నున్నగా కోసేసింది. శేషమ్మ నిండిన ఒడితో రోడ్డెక్కి, స్ప్రేయరు తగిలించుకున్న మనిషిని కేకేసింది: “ఇంక కొట్టుకో అన్నా!”

మందు ఎలా కొట్టాలో నేర్పడం నా పనిలో సగమే. ఆ చేని మీద ఎవరి రాత్రి వంట ఆధారపడి ఉందో కనుక్కోవడం మిగతా సగం. తర్వాత ఎక్కడికి బదిలీ అయినా ముందు గట్లు చూసి, ఆ తర్వాతే చీటీ రాశాను.