రెండు వైపులా వేరున్న దూలాలు

మా ఇంటి నడిమింటికి టేకు కాకుండా తాటిదూలాలు ఎందుకు పడినాయని పిల్లలు అడిగితే, ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. కథల మీద నాకు నమ్మకం లేదు. ఏ సంవత్సరం, ఏ నెల, ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు అన్నది తెలిస్తేనే జరిగింది జరిగినట్టు. అందుకని నేను చూసినంత మటుకు, మూరకోలతో కొలిచినంత మటుకు రాస్తున్నాను.

1942 ఆడి నెల, అంటే జూలై ఆఖరు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, పెళ్ళయి ఏడాది. రాజపాళయంలో మా నాయన కట్టిస్తున్న మిద్దె ఇంటికి ఎర్రమట్టి గోడలు పదకొండు అడుగులు లేచి నిలబడి ఉన్నాయి. నడిమిల్లు దక్షిణం గోడ నుంచి ఉత్తరం గోడకు పద్నాలుగు అడుగులు. గోడలకు సున్నం పూత పడలేదు. పైన కప్పు లేదు. మేము వెనక పాత పూరింట్లో ఉంటున్నాము. కప్పుకు కావలసిన బర్మా టేకు తూత్తుకుడి కట్టె డిపోలో చెప్పిపెట్టినాము. ఆ ఏడాది మొదట్లోనే రంగూను జపాన్ వాళ్ళ చేతికి పోయింది. ఓడలు నిలిచిపోయినాయి. డిపోలో అడగబోతే, అక్కడివాడు ఖాళీ కొట్టు చూపించి చేతులు విదిలించినాడు.

అక్టోబరు నడుమ ఐప్పసి నెల వచ్చిందంటే మా పక్క వానలు వదలవు. కప్పు లేని మట్టిగోడ ఒక్క ఐప్పసికి నిలవదు. గోడలు కట్టిన కూలీల్లో సగం మంది అప్పటికే నూలుమిల్లులో చేరిపోయినారు. ఇవి కరిగితే మళ్ళీ లేపే మనుషులు దొరకరు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, నాయనకు కూడా తెలుసు. అయినా ఆయన వీధిలో అందరి ముందర అనేసినాడు, బర్మా టేకు లేకుండా ఆ ఇంట్లో కాలు పెట్టనని.

ఎదురింట్లో ఉండే పెదనాయన, మా నాయనకు దాయాది, రోజూ సాయంత్రం తిన్నె మీద కూర్చుని గోడల్ని చూసేవాడు.

“ఏమి తమ్ముడా, ఆకాశమే కప్పని తీర్మానం చేసినావా? నక్షత్రాలకు సున్నం ఎప్పుడు కొడతావు?”

నాయన పూరింట్లోకి వచ్చి చెంబెడు నీళ్ళు గటగట తాగేవాడు.

దారి చూపింది మా అమ్మ. చోళపురం పక్కన మా అమ్మకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన చేను ఉండేది. దాని గట్టు మీద వరసగా తాటిచెట్లు. వాటి ముంజలు, విసనకర్రలు, కరుపట్టి బెల్లం అన్నీ ఆమె అధికారమే. ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ చెప్పింది.

“గట్టు మీద ముసలి చెట్లు ఉన్నాయి. కాపు నిలిచిపోయినవి. అవి నరికితే కప్పుకు చాలును.”

“తాటి దూలమా? అది ఎద్దుల కొట్టానికి వేసేది,” అన్నాడు నాయన.

“ఎద్దులు ఏడాదంతా తడవకుండానే ఉన్నాయి కదా. తడిసేది మనమే.”

నా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. నాయన మజ్జిగ పోసుకోకుండా లేచినాడు. మర్నాడు పొద్దున బండి కట్టమన్నాడు. అదే ఆయన ఒప్పుకోలు.

అమ్మ ఊరి మనుషులకు తాటిచెట్టు నరకడంలో ఒక పద్ధతి ఉన్నది. ఏ చెట్టు పోవాలో ఆ చెట్టుకు ఆ చేను ఆడమనిషే వరిగడ్డి తాడు కట్టాలి. తాడు లేని చెట్టు మీద గొడ్డలి పడకూడదు. పోయే ప్రతి చెట్టుకూ బదులుగా పది తాటిటెంకలు ముందు నాటాలి, ఆ తరువాతే నరకాలి. మేము పోయినప్పుడు ఆవణి నెల మొదలు, ఆగస్టు నడుమ, పండ్లు రాలే కాలం. చెట్టు కొట్టేవాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని నిలబడి ఉంటే, అమ్మ గట్టు పొడవునా వంగి వంగి గుంటలు తీయించి టెంకలు పెట్టించింది.

“అమ్మా, వాన దగ్గర పడుతున్నది. నరికినాక నాటుకుందాము,” అన్నాను.

“నరికినాక ఎవరు నాటినారు? ఇంటికి పోయి కాళ్ళు చాపుకుంటారు. ముందు నాటేది, మల్ల నరికేది.”

నరికించింది పదకొండు చెట్లు. పన్నెండో చెట్టుకు ఆమె తాడు కట్టి, మళ్ళీ విప్పేసింది. దాని మీద పిచ్చుకలు గూళ్ళు కట్టినాయట.

మిగతా చెట్లకు చేవ నడుమ ఉంటుంది. తాటికి చేవ బయట, లోపల మెత్తటి దూట. మా వీధి వడ్రంగి, ఆసారి అని పిలిచేవాళ్ళం, మొద్దుల్ని నిలువునా చీల్చి, దూట చెక్కి తీసేసి, నల్లటి చేవను మాత్రం ఉంచి, వేపనూనె పట్టించి ఆరబెట్టినాడు. ఒక్కో మొద్దుకు రెండు చెక్కలు. వేరు దగ్గర ఒక్కో చెక్క ఏడున్నర అంగుళాల వెడల్పు, కొన దగ్గర అయిదు. కొలిచింది నేనే.

తప్పు ఇక్కడే జరిగింది. ఇంటి దూలానికి వేరువైపు దక్షిణానికి, కొనవైపు ఉత్తరానికి ఉండాలని మాలో కట్టుబాటు. టేకు దుంగను నాలుగు పక్కలా చదరంగా కోసి తెస్తారు కనుక ఆ కొనా ఈ కొనా ఒకటే మందం. వేరు ఏ దిక్కున పెట్టినా కప్పుకు తేడా రాదు. తాటికి అట్లా కాదు. నాయన పట్టు మీద వేర్లన్నీ దక్షిణం గోడ మీద, సన్నటి కొనలన్నీ ఉత్తరం గోడ మీద పెట్టించినాడు.

“అయ్యా, ఒకటి అటు ఒకటి ఇటు మార్చి వేద్దాము,” అన్నాడు ఆసారి.

“వేరు ఉత్తరానికి పెట్టిన ఇంట్లో మనిషి తలకిందులుగా బతుకుతాడు. నీ ఇంటికి అట్లా వేసుకో.”

“నాది కొబ్బరాకు కీతు కొట్టం అయ్యా. దానికి వేరూ లేదు, కొనా లేదు.”

అందరూ నవ్వినారు, నాయన తప్ప.

పురట్టాసి నెల నడుమలో, అక్టోబరు మొదట్లో, దూలాల మీద ఇటుకలు పేర్చడం మొదలుపెట్టినారు. రెండు వరసలు పడేసరికి ఉత్తరం పక్క దిగింది. నేను గోడ నుంచి గోడకు నూలు దారం బిగించి కొలిస్తే ఒకటిన్నర అంగుళం. ఉత్తరం గోడ నెత్తిన వేలు పట్టేంత బీట పడింది. ఇటుకలన్నీ దింపించినాము. ఆ సాయంత్రం పడమటి కొండల మీద నల్లటి మబ్బు కూర్చున్నది. పెదనాయన వీధి దాటి వచ్చి, బీట చూసి, తిరిగి తన తిన్నె మీదికి పోయినాడు. ఎగతాళి కంటే ఆ చూపే నాయనకు ఎక్కువ తగిలింది. గోడకు చేయి ఆనించి, ఆ బీటను ఈ చివర నుంచి ఆ చివర దాకా బొటనవేలితో తడిమినాడు.

అదే వేళకు పెరట్లో అమ్మ పత్తికట్టె పేరుస్తున్నది. పత్తి ఏరడం అయినాక చేలో మొక్కల్ని వేళ్ళతో సహా పీకి, మోపులు కట్టి, ఏడాదికి సరిపడా పొయ్యికి పెట్టుకోవడం మా ఊళ్ళో ఇంటింటి పని. వాన వస్తుందని ఆమె మోపుల్ని కొట్టంలోకి మారుస్తున్నది. నా భార్య అందుకుని పేరుస్తున్నది.

“వేళ్ళన్నీ ఒకే పక్క పెడతావేమి? ఆ పక్క ఎత్తయి ఈ పక్కకు జారుతుంది. ఒక మోపు వేరు ఇటు, ఒక మోపు వేరు అటు.”

అని నా భార్యకు చెప్తూ చెప్తూ, చేతిలో మోపుతో అట్లానే నిలిచిపోయింది. తరువాత మోపు కింద పడేసి ముందరికి వచ్చింది.

“ఆసారీ, ఒక మొద్దుకు రెండు చెక్కలు కదా? ఒకదాన్ని తిప్పి, దీని వేరు పక్కన దాని కొన పెట్టి, రెంటినీ కలిపి ఒకే దూలంగా బిగించు.”

ఆసారి నాయన ముఖం చూసినాడు. నాయన అమ్మ ముఖం చూసినాడు.

“అప్పుడు వేరు ఏ దిక్కున ఉన్నట్టు?” అన్నాడు నాయన.

“దక్షిణాన ఉంటుంది. ఉండాలన్నారు కదా, ఉన్నది. ఉత్తరాన ఇంకొకటి ఉంటే ఉండనీండి, అది దక్షిణం వేరును ఏమి చేస్తుంది?”

నాయన తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

“ఇనుప బోల్టులు దొరకవు ఇప్పుడు,” అన్నాడు. ఒప్పుకున్నాడని అట్లా తెలిసింది.

బోల్టులకు బదులు తుమ్మకొయ్య చీలలు చెక్కించినాము. పదకొండు మొద్దులకు పదకొండు జోడీలు. ప్రతి దూలం రెండు కొనల్లోనూ పన్నెండున్నర అంగుళాల వెడల్పు. బీట పడిన చోట గోడ విప్పి కట్టి, దూలాలు ఎక్కించి, ఇటుక పేర్చి, కరక్కాయ నీళ్ళు కలిపిన సున్నం వేసి కొట్టించినాము. పని మనుషులు చాలక నేను, నా భార్య, చివరికి నాయన కూడా కొట్టుడు కట్టెలు పట్టుకున్నాము. మళ్ళీ దారం కట్టి కొలిస్తే దిగింది పావు అంగుళం, అదీ నడుమ మాత్రమే.

ఐప్పసి మొదటి వాన మధ్యాహ్నం పట్టుకున్నది. నాయన నడిమింట్లో నిలబడి తల పైకెత్తి చూస్తున్నాడు. బర్మా టేకు లేకుండా కాలు పెట్టనన్న మనిషి లోపల ఉన్నాడని ఎవరమూ గుర్తు చేయలేదు. అంతలో మిల్లు పక్క నుంచి వస్తున్న పెదనాయన తడిసి ముద్దయి మా ఇంట్లోకే దూరినాడు. తల తుడుచుకుంటూ పైకి చూసినాడు.

“తమ్ముడా, దీంట్లో వేరు ఏది, కొన ఏది?”

“నీకు ఏ పక్క కావాలో ఆ పక్క వేరే,” అన్నాడు నాయన.

పెదనాయన నవ్వి, కాపీ అడిగినాడు. వాన నిలిచేదాకా కూర్చున్నాడు. ఒక్క చుక్క కారలేదు. మరుసటి ఏడు ఆయన తన గాదె ఇంటికి అదే మాదిరి వేయించినాడు. తళవాయిపురం నుంచి కూడా మనుషులు వచ్చి, మూరకోల తెచ్చుకుని కొలుచుకుని పోయినారు.

యుద్ధం అయిపోయి, తూత్తుకుడికి మళ్ళీ బర్మా టేకు వచ్చింది. డిపో నుంచి మనిషి వచ్చి చెప్పినప్పుడు, కప్పు మార్పిస్తాడేమోనని నాకు భయం వేసింది. నాయన పోయి ఒకే ఒక్క పలక తెచ్చినాడు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. దాన్ని ఊయల బల్ల చేయించి, ఇనుప గొలుసులతో తాటిదూలానికి వేలాడదీయించినాడు. అది 1948 చిత్తిరై నెల, ఏప్రిల్ ఆఖరు.

అమ్మను కూర్చోమన్నాడు. ఆమె బల్లను చేత్తో తడిమి, “నున్నగా ఉన్నది మీ బర్మా,” అని కూర్చున్నది. పక్కన ఆయన కూర్చున్నాడు.

“గొలుసు దేనికి తగిలించినారో చూసినారా?” అన్నది.

“చూసే తగిలించినాను,” అన్నాడు.

నేను దారం కట్టి కొలిచినాను. ఇద్దరి బరువుకూ దూలం కదలలేదు. ఆ వారమే చోళపురం పోయి గట్టు మీద టెంకల మొలకల్ని కూడా చూసినాను. నూటపదిలో అరవై నాలుగు బతికినాయి. మట్టలు నా భుజం దాకా వచ్చినాయి కానీ, ఒక్కదానికీ మొద్దు ఇంకా నేల విడిచి పైకి రాలేదు. వచ్చి అమ్మతో చెప్పినాను. ఊయల ఆపకుండానే, “దూలాలకు ఇప్పుడేమి తొందర?” అన్నది.