వేసవిలో మందపాటి సూటు

"అమ్మ పొద్దున నిద్ర లేవలేదే" అన్నాడు బావ, పర్చూరు నుంచి ఫోన్ చేసి. నేను గుంటూరులో కాలేజీకి బయల్దేరుతున్నాను. "అయితే లేపు" అన్నాను. మా మేనత్త పోయిందని చెబుతున్నాడని అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది.

కర్మ అయ్యాక బీరువా సర్దుతుంటే పక్కింటావిడ రెండు నల్లటి రబ్బరు సూట్లు బయటికి తీసింది. "ఇవేంటమ్మాయ్, మిరపతోటకి మందు కొట్టేప్పుడు వేసుకునేవా?"

"కాదు పిన్నిగారూ, సముద్రంలోకి."

"సముద్రానికెళ్తుందంటే స్నానానికనుకున్నాం!"

అందరూ అలాగే అనుకున్నారు. ఒక కార్తీకంలో అత్త నాతో చీరాల దగ్గర సముద్రస్నానానికి వచ్చి, సర్ఫింగు, అంటే అలల మీద పలకెక్కి నిలబడటం, నేర్పుతున్న ఒక అమ్మాయిని చూసింది. తడి చీరతోనే వెళ్ళి, "నాకు నేర్పుతావా తల్లీ? ఇంకా అరవై నిండలేదు" అంది. ఆ అమ్మాయి నవ్వింది. అత్త నవ్వలేదు. మిరప, పత్తి తప్ప మరో ధ్యాస లేని మనిషికి ఆ కోరిక ఎందుకు పుట్టిందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

నీళ్ళలో బాగానే ఉండేది గానీ, బయటికొచ్చి గాలి తగిలితే గజగజ వణికేది. నేను రబ్బరు సూట్లమ్మే ఒక దుకాణానికి ఫోన్ చేస్తే "మందంగా ఉంటేనే మంచిది మేడం" అన్నారు. తెప్పించాను. సంక్రాంతి ముందు చలిలో వేసుకుంటే కాసేపటికే ఆవిడ ముఖం కందిపోయింది. "ఉడకేసిన వేరుశనక్కాయనయ్యానే, విప్పండి!" అంటే, నేనూ ఆ అమ్మాయీ చెరో కాలు పట్టుకుని లాగాం.

మందపాటివి మంచు సముద్రాలకని, మన చలికాలానికి పల్చటి సూటు చాలని, ఎండలు ముదిరితే పొడుగు చేతుల బనియను సరిపోతుందని ఆ అమ్మాయి చెప్పింది. అత్తకి వెంటనే ఎక్కేసింది. "నేలను చూసి విత్తనం, నీళ్ళను చూసి గుడ్డ. అంతేగా?" అంది. అప్పట్నించీ ముందు పాదం పెట్టి చూసేది. చలికాలంలో "ఇవాళ మజ్జిగలా ఉందే" అని పల్చటి సూటు తొడుక్కునేది. వేసవిలో "వేణ్ణీళ్ళు కాచిపెట్టారు" అని బనియనుతో దిగేది.

మొన్న వేసవిలో మాత్రం మందపాటి సూటు పట్టుకొచ్చింది.

"అత్తా, నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. కాలు పెట్టి చూడు."

పెట్టి చూసింది. "మజ్జిగలా ఉన్నాయి కదే!"

నేనూ పెట్టాను. నాకు స్నానానికి కాచిన నీళ్ళలా ఉన్నాయి. ఆ అమ్మాయి వంక చూస్తే, ఆమె నా వంక చూసింది. ఒకప్పుడు విప్పడానికి ఇద్దరం లాగిన సూటు అత్త ఒంటిమీద వేలాడుతోంది. వదులైతే నీళ్ళు లోపలికి వచ్చిపోతూ ఉంటాయని, వెచ్చదనం నిలవదని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

"మరి ఏది వేసుకోవాలో మీరే చెప్పండి."

చివరికి ఆవిడే పల్చటి దాని మీద మందపాటిది తొడుక్కుంది.

ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని డాక్టరు అప్పటికే చెప్పాడట. ఆ సంగతి బావకి కూడా ఆమె పోయాకే తెలిసింది. మాకు చెప్పకూడదనుకుందో, తన చలికి కారణం సముద్రమేనని నిజంగా నమ్మిందో, ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను.

ఆ రోజు పలక మీద నిలబడలేదు. బోర్లా పడుకుంది. నడుం లోతు నీళ్ళలో చెరో పక్కా పట్టుకున్నాం. ఓ పెద్ద అల వచ్చింది. "వదలండే!" అని అరిచింది. వదిలాం. అల ఆవిణ్ణి ఒడ్డుదాకా మోసుకెళ్ళి ఇసుకలో దింపింది. మేం పరుగెత్తుకెళ్ళేసరికి, నుదుటికి అతుక్కున్న తెల్లజుట్టుతో, పళ్ళ నిండా ఇసుకతో నవ్వుతూ, పలక మీంచి తలెత్తి అటూ ఇటూ చూస్తోంది.

"ఎక్కడికొచ్చానే నేను?" అంది.