మట్టికి పెళ్లిచూపులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా ఇంట్లో అందరూ మొహం మీదే అంటారు, ఆఫీసులో నేను లేనప్పుడు అంటారు. మట్టి పరిశోధనలో కోపానికి పెద్దగా పని లేదు. మట్టి నెమ్మదైనది. అందులో కర్బనం పెరగాలంటే ఏళ్లు పడుతుంది, పెరిగిందో లేదో తేల్చాలంటే నెలలు పడుతుంది. అంత ఓపిక కావాల్సిన పనిలోకి నాలాంటిదాన్ని తీసుకున్నవాళ్లు ఇప్పటికీ తల పట్టుకుంటూనే ఉండాలి. అయినా ఆ పనిలో నేను గెలిచిన రోజు ఒకటుంది. ఎవరడిగినా, అడక్కపోయినా ఆ రోజు గురించి చెబుతూనే ఉంటాను.

మాది ఎర్రుపాలెం వైపు. పత్తి చేలల్లోనే పెరిగాను. చదువైపోయాక చిన్న రైతుల పొలాల్లో మట్టి తీసి, అందులో కర్బనం ఎంతుందో చూసే ప్రాజెక్టులో ఉద్యోగం దొరికింది. సారపాక దాటి అడవి దారి పట్టాక వచ్చే ఊళ్లు నా వంతుకు వచ్చాయి. కర్బనం అంటే ఏమిటని అక్కడ ఎవరైనా అడిగితే ఒకటే చెప్పేదాన్ని. ఆకులు, కట్టె, వేర్లు మట్టిలో కుళ్లి కలిసిపోతే వచ్చే నలుపే అది. ఆ నలుపున్న నేల నీళ్లు పట్టి ఉంచుతుంది, వాన మొహం చాటేసినా కొన్నాళ్లు మొక్కను కాపాడుతుంది. ఈ మధ్య వానలు మొహం చాటేయడం ఎక్కువైంది. వచ్చినప్పుడేమో ఒక్కసారిగా కుమ్మరించి, పైమట్టిని ఊడ్చుకుని వాగులో కలిపేస్తున్నాయి. కాబట్టి నా మాట వినడానికి ఎగబడతారని అనుకున్నాను. మర్యాదగా చాయ్ ఇచ్చి పంపించేవాళ్లు.

ఆ ఊళ్లన్నిటిలో నా మాట నిజంగా విన్నది ఒక్కావిడే. నాకంటే కొంచెం పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ భర్త కొత్తగూడెంలో గని కాంట్రాక్టు పనికి పోయి, సెలవు దొరికినప్పుడు వచ్చేవాడు. చేను చూసుకునేది ఆవిడే. పక్క చేను ఆవిడ బావది, అంటే భర్త అన్నగారిది. ఒకప్పుడు రెండూ కలిపి వాన మీద పండే ఒకటే చెలక. మధ్యలో ఒడ్డు వేసి పంచుకున్నారు. చేను పంచుకున్నారే గానీ పెత్తనం పంచుకోలేదు. ఏం వేయాలో, ఎప్పుడు దున్నాలో, పత్తి ఏరడం అయిపోయాక మిగిలిన కట్టె ఎప్పుడు తగలబెట్టాలో రెండు చేలకూ బావే చెప్పేవాడు.

ఇక నుంచి తన చేలో కట్టె తగలబెట్టనని, లోతుగా దున్ననని, కట్టె ముక్కలు కొట్టి అక్కడే పరుస్తానని, పత్తి మధ్యలో కంది, పెసర వేస్తానని అక్క చెప్పినప్పుడు ఆయన నవ్వాడు.

"చెత్తల ఎవుసం జేస్తవా? సరే, చెయ్యి. మూడేండ్లు చూస్త. మట్టి బాగుపడ్డదని ఈ మేడమే పరీక్ష జేసి చెప్పాలె. లేదంటే రెండు చేన్లల్ల జామాయిల్ పెట్టుడే. మల్ల మాట లేదు" అన్నాడు.

ఆయన ఆలోచనలో తప్పేమీ లేదు. జామాయిల్ కర్ర వేసుకుని కాగితం మిల్లుకు పోయే లారీలు ఆ దారిలో రోజూ కనిపిస్తాయి. మొక్క నాటి వదిలేస్తే కొన్నేళ్లకు కోతకొస్తుంది. కూలీలను బతిమాలుకోవక్కర్లేదు, మబ్బు వైపు చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు. కానీ అక్కకు ఆ చేనే బతుకు. ఇంట్లో ఉడికే పప్పు, కూర, పచ్చిమిరపకాయ అన్నీ అక్కడివే. జామాయిల్ పెడితే ఆవిడ ఇంకొకరి చేలోకి కూలికి పోవాలి. "నా చేన్ల నాకే పని లేకుంట అయితది చెల్లె" అంది ఒకసారి. నవ్వుతూనే అంది గానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మూడేళ్లు గడిచాయి. వెళ్లిన ప్రతిసారీ ఆ చేలో చెప్పుల కింద మెత్తగా తగిలేది. పరిచిన కట్టె కింద వానపాములు కనిపించేవి. నాకు లోలోపల సంబరంగా ఉండేది, పైకి మాత్రం పరీక్ష అయ్యాకే చెబుతానని బిగుసుకుని ఉండేదాన్ని. ఆఖరికి ఎండాకాలం చివర్లో, తొలకరి పడకముందే మట్టి తీయడానికి మా సారు నాతో పాటు బయల్దేరారు. ఆయన నెమ్మదస్తుడు, పద్ధతి తప్పని మనిషి. ముందురోజు అక్కకు ఫోన్ చేసి, "రేపు మా సారు మన మట్టిని చూడటానికి వస్తున్నారు" అని చెప్పాను. ఆ మాట చాలు కొంప మునగడానికి.

జీపు దిగి చూస్తే చేను అద్దంలా ఉంది. మూడేళ్లుగా పరిచిన కట్టె, ఆకు, గడ్డి అంతా ఊడ్చి ఒడ్డు మీద కుప్ప పోశారు. ఊడ్చిన నేల మీద చేనంతా పేడనీళ్లతో కల్లాపి చల్లారు. మేము నడిచి వచ్చే చోట ముగ్గు కూడా వేశారు. అక్క, మరో ముగ్గురు ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని, చెమటలు కక్కుతూ మాకోసం నవ్వుమొహాలతో నిలబడి ఉన్నారు.

"ఏంటక్కా ఇది?" అన్నాను.

"మట్టిని చూడనీకి వస్తుండ్రంటివి గదా. పెండ్లిచూపులకు పిల్లను మాసిన బట్టల్తోని కూసోబెడ్తమా? పొద్దు పొడవకముందుకెల్లి నలుగురం ఊడ్సినం. ఎట్లున్నది?"

నేను అరిచాను. ఆ అరుపుకు పక్క చేలో మేస్తున్న గొడ్లు తలలెత్తి చూశాయి. మూడేళ్ల కష్టాన్ని చీపురుతో ఊడ్చేశావన్నాను, కల్లాపి చల్లడానికి ఇదేమన్నా వాకిలా అన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. ముగ్గు వేసినావిడ ముగ్గుపిండి గిన్నెను వెనక దాచుకుంది. సారు మాత్రం వంగి, నేల వాసన చూసి, నెమ్మదిగా లేచారు.

"మనం తీయాల్సింది పైమట్టి, దాంట్లోకి పేడనీళ్లు దిగాయమ్మా. ఇప్పుడు తీసిన మట్టిలో కర్బనం కనిపిస్తే అది పేడదో, చేనుదో ఎవరూ చెప్పలేరు. ఈ ఏడాదికి ఈ చేను వదిలేద్దాం."

ఆయన చెప్పింది నిజం. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

అప్పటిదాకా ఒడ్డు మీద నిలబడి చూస్తున్న బావ గొంతు సవరించుకున్నాడు. "అంటే పరీక్ష లేనట్టేనా? మూడేండ్లు అయిపోయె. రేపు పొద్దుగాల నర్సరీ బండి వస్తది. జామాయిల్ మొక్కలకు చెప్పి పెట్టిన."

అప్పుడు అర్థమైంది అక్కకు, తాను చేసిందేమిటో. చీపురు చేతిలోంచి జారిపోయింది. ఊడ్చిన కుప్ప పక్కనే కూలబడి, "మంచిగ కనపడాల్నని జేసిన చెల్లె" అంది. నా కోపంలో ఒక్క మంచి గుణం ఉంది, అది నన్ను ఏడవనివ్వదు. ఆ క్షణంలో అది అక్క మీద నుంచి ఆ నర్సరీ బండి మీదికి మళ్లింది.

"ఆగన్నా," అన్నాను బావతో. "పెద్ద పరీక్ష లేకపోతే చిన్న పరీక్ష చేస్తా. ఇక్కడే, నీ కళ్ల ముందే."

క్లాసులో పిల్లలకు చూపించే పరీక్ష అది. రెండు చేల నుంచి రెండు మట్టి పెడ్డలు తెచ్చి నీళ్లలో వేయడం, ఏది నిలుస్తుందో చూడటం, అంతే. సారు నా చెవిలో, "ఇది రిపోర్టులోకి ఎక్కదమ్మా" అన్నారు. "రిపోర్టుకు కాదు సార్, ఆయనకు" అన్నాను. జీపులో పడి ఉన్న ఖాళీ ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాల మూతుల వైపు కొడవలితో కోసి, తాగడానికి తెచ్చుకున్న నీళ్లు నింపి ఒడ్డు మీద పెట్టాను.

బావ తెలివైనవాడు. "పెడ్డలు నువ్వు తియ్యొద్దు మేడం, నేనే తీస్త" అని గడ్డపార తీసుకున్నాడు. తన చేలో తవ్వి, ఉన్నవాటిలో గట్టి పెడ్డ ఏరుకున్నాడు. గడ్డపారకేసి కొట్టి చూపించాడు, చెక్కు చెదరలేదు. "సూడు, రాయి లెక్క ఉన్నది." తర్వాత అక్క చేలో, కల్లాపి తడి కిందికి బాగా తవ్వి ఒక పెడ్డ తీశాడు. అది నల్లగా, మెత్తగా, వేళ్ల సందుల్లో నలిగిపోయేటట్టుంది. దాని నిండా సన్నటి వేర్లు, పురుగులు చేసిన బొక్కలు.

"ఇది నీళ్లదాకా ఎందుకు, చేతులనే పొడైతది" అన్నాడు.

నాకు నిజంగా భయం వేసింది. పుస్తకంలో చదివింది వేరు, ఆయన చేతిలో ఆ రాయిలాంటి పెడ్డను చూడటం వేరు. ఇది ఓడిపోతే అక్క చేనుతో పాటు నా మాటకు కూడా ఆ ఊళ్లో విలువ ఉండదు. కానీ వెనక్కి తగ్గే అలవాటు నాకు లేదు. "వెయ్యన్నా" అన్నాను.

రెండూ ఒకేసారి వేశాడు. ఆయన పెడ్డ నుంచి బుడగలు బుసబుసా లేచాయి. తర్వాత దాని అంచులు విడిపోవడం మొదలైంది. ఒక పక్క జారింది, ఇంకో పక్క కూలింది. చూస్తుండగానే అంత గట్టి పెడ్డ అడుగున బురదైపోయింది, సీసాలో నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. అక్క పెడ్డ మాత్రం నాలుగు బుడగలు వదిలి, పడ్డచోటే కూర్చుంది. చుట్టూ నీళ్లు తేటగా ఉన్నాయి. బావ సీసా పట్టుకుని ఊపాడు. అది కదిలింది గానీ విరగలేదు.

"మల్లొకసారి" అన్నాడు. వేరే మూల నుంచి తెచ్చి వేశాడు. మళ్లీ అంతే. ఈసారి అడవి అంచుకు పోయి, ఒక ఇప్పచెట్టు కింద మట్టి తవ్వి తెచ్చి ఇంకో సీసాలో వేశాడు. అదీ విరగలేదు. ఆ పెడ్డను, అక్క పెడ్డను పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"అడివి మట్టి లెక్కనే ఉన్నది" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

మా సారు చప్పట్లు కొట్టారు. నేను ఈల వేశాను. నాకు ఈల వేయడం వచ్చని అప్పటిదాకా ఆయనకు తెలియదు. చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్లు అక్కను పట్టుకుని ఊపేశారు. అక్క ఏడుస్తూ నవ్వుతూ ఆ సీసాను ఒళ్లో పెట్టుకుంది. బావకు మాత్రం నేను ఊరుకోకుండా చెప్పాను: "కట్టె కాల్చిన నేలలో మట్టిని పట్టి ఉంచే జిగురు ఉండదన్నా. మొదటి వానకే నీ చేను ఇట్లా కరిగి వాగులోకి పోతోంది." ఆయన తన పెడ్డ కరిగిన సీసాను ఒడ్డు పక్కన ఒంపేసి వెళ్లిపోయాడు.

ఆ రోజు నేను అక్క ఇంట్లోనే ఉండిపోయాను. తెల్లారి నర్సరీ బండి వచ్చింది. బావ రోడ్డు మీదికి పోయి డ్రైవరుతో ఏదో మాట్లాడాడు. బండి ఆగిన చోటు నుంచి మొక్కలు దించకుండానే తర్వాతి ఊరికి వెళ్లిపోయింది. ఆయన తిరిగొచ్చి, "మబ్బు పడ్తున్నది, ఆ చెత్తంత ఒడ్డు మీద్నే ఉన్నదేంది? జల్దీ పరవాలె గదా" అన్నాడు. ఎవరి సమాధానం కోసమూ చూడకుండా ఒక మోపు ఎత్తుకుని అక్క చేలోకి నడిచాడు.

ఆ ఏడు వాన మధ్యలో బాగా ఎగ్గొట్టింది. బావ పత్తి వాడింది, అక్క పత్తి నిలబడింది. మరుసటి ఎండాకాలం మొదట్లోనే మట్టి తీసినప్పుడు ఎవరూ ఊడ్వలేదు, ఎవరూ కల్లాపి చల్లలేదు. ఫలితం వచ్చిన రోజు సారు దాన్ని రెండుసార్లు చదివి నా చేతికిచ్చారు. అక్క చేలో కర్బనం స్పష్టంగా పెరిగింది. నేను ఆఫీసు వరండాలో గంతులేశాను, ఎవరేమనుకుంటే నాకేం. ఆ కాగితం పట్టుకుని వెంటనే బస్సెక్కాను.

అది తొలకరికి ముందు కట్టె తగలబెట్టే కాలం. దారి పొడవునా చేలలో పొగ లేస్తోంది. బావ చేలో మాత్రం ఎండిన పత్తి కట్టె అట్లాగే నిలబడి ఉంది, దాని మధ్యలో ఆయన, అక్క నిలబడి ఉన్నారు. నేను కాగితం చూపించబోతే ఆయన చేత్తో వద్దన్నాడు.

"కాగితమెందుకు మేడం, నేను కండ్లార చూసిన గదా" అని అక్క వైపు తిరిగాడు. రెండు చేలకూ ఎప్పుడూ తానే చెప్పిన మనిషి. "ఇగ చెప్పు. నా చేన్ల ఏం జెయ్యాలె?"

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెయ్యి చాపింది.

"ముందుగాల ఆ జేబుల ఉన్న అగ్గిపెట్టె ఇటియ్యి బావా."

ఆయన నవ్వి ఇచ్చేశాడు. అక్క దాన్ని రొంటిన దోపుకుని, కట్టె కొట్టే కొడవలి ఆయన చేతిలో పెట్టింది.