ఎడమవైపు సిరాబుడ్డి

మొదట తాళంచెవుల గుత్తి గలగల వినిపిస్తుంది, ఆ తర్వాతే బషీరున్నీసా కనిపిస్తుంది. గుత్తిలో పనికొచ్చే చెవి ఒక్కటే. తక్కినవి ఎప్పుడో పోయిన తాళాలవి. అత్వెల్లిలో కథల సారు బతికిన ఇల్లు మ్యూజియం అయిన నాటి నుంచి, జీతం లేకుండా రోజూ తలుపు తీసేది ఆమే. దుపట్టా చెంగుతో ఆయన కళ్లద్దాలు తుడుస్తుంది, సిరాబుడ్డిని బల్లకు ఎడమవైపు పెడుతుంది. ఈమధ్య బహదూర్‌పల్లి నుంచి సాయిప్రియ కూడా సాయానికి వస్తోంది. ఆయన కథలన్నీ ఆ అమ్మాయికి నోటికి వచ్చు. చూడవచ్చినవాళ్లంతా ఆమె చుట్టే మూగుతారు. ఒకప్పుడు ఆయనకు రోజూ చాయ్ పెట్టిచ్చిన బషీరున్నీసా మాత్రం గుమ్మంలో వాళ్ల చెప్పులు సర్దుతూ, పొద్దుగూకినా చల్లారని డాబాలా లోలోపల కాగుతుంటుంది.

మొన్న ఆదివారం ఒకాయన, సారు ఏ చేత్తో రాసేవారని అడిగాడు. సాయిప్రియ సిరాబుడ్డిని కుడివైపుకు జరుపుతూ, "కుడిచేత్తోనే కదా? మీరు చూశారుగా ఆంటీ!" అంది. బషీరున్నీసా కళ్ల ముందు, సిరా మరకల ఎడమ చెయ్యి ఒకటి చాయ్ కప్పు కోసం ముందుకొచ్చింది.

"అవ్ బిడ్డా, కుడి చెయ్యే," అంది.

అందరూ వెళ్లాక సిరాబుడ్డిని మళ్లీ ఎడమకు జరిపి, గోడమీది ఫొటోలో ఉన్న సారుతో మెల్లగా అంది: "మీ కథలన్నీ గా పిల్లకే ఇచ్చిన్రు సారూ. గీ ఎడమ చెయ్యి ముచ్చట ఒక్కటన్న నాకుండనియ్యుండ్రి."